రెండు తీగలు, ఆరు రికార్డింగులు: ఎర్‌హు అసలు కథ

(వీడియో ఎపిసోడ్ పూర్తి పాఠం)

మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని. ఇయర్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. లేకపోతే ఫోన్ చెవి దగ్గరకి తెచ్చుకోండి. 20 సెకన్లు, అంతే. స్క్రీన్ మీద ఏమీ చూపించను. వినండి.

[ఎర్‌హు ధ్వని, 20 సెకన్లు]

విన్నారా? ఏంటిది, చెప్పండి చూద్దాం. నేను ఉద్యోగం చేసే రోజుల్లో పక్క సీటు ఫ్రెండ్‌కి ఇదే వినిపిస్తే "ఎవరో అమ్మాయి హమ్మింగ్ చేస్తోంది" అన్నాడు. ఇంట్లో అమ్మకి వినిపిస్తే "వయొలినే కదరా, కాకపోతే ముక్కుతో పాడినట్టుంది" అంది. ఇద్దరూ తప్పే చెప్పారు. కానీ ఇద్దరూ ఎక్కడో కొంచెం కరెక్టే.

దీని పేరు ఎర్‌హు. చైనా వాయిద్యం. రాయడం ఎర్‌హు అని రాస్తున్నాను గానీ, వాళ్లు పలికేది దాదాపు "అర్‌హూ" అన్నట్టుగా ఉంటుంది. మీరు దీన్ని ఇంతకుముందు వినే ఉంటారు. చైనీస్ కుంగ్‌ఫూ సినిమాల్లో, గేముల్లో, రీల్స్‌లో ఎవరైనా బాధగా ఉన్నారని చూపించాలంటే వెనక ఇదే ఏడుస్తూ ఉంటుంది. చాలామంది "చైనీస్ వయొలిన్" అనేస్తారు. ఈ రోజు ఆ మాట ఎందుకు సరిపోదో చూద్దాం. ఇది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఆ తర్వాత వూషీ అనే ఊళ్లో చూపు లేని ఒకాయన వీధుల్లో వాయించుకుంటూ తిరిగిన కథ చెప్తాను. చివర్లో నాది ఒక సొంత విషయం కూడా ఉంది. దాని కోసమే అసలు ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

పేరులోనే సగం చరిత్ర

"ఎర్" అంటే చైనీస్‌లో రెండు. రెండు తీగలు ఉన్నాయి కాబట్టి రెండు. "హు" అనేది హుచిన్ అనే మాటలోంచి వచ్చింది. "చిన్" అంటే తీగల వాయిద్యం. "హు" అంటే ఒకప్పుడు చైనావాళ్లు తమ ఉత్తరాన, పడమరన ఉండే ఇతర జాతులవాళ్లని పిలిచిన మాట. అంటే హుచిన్ అనే మాటకి అర్థం సింపుల్‌గా "బయటివాళ్ల తీగల వాయిద్యం".

ఆలోచించండి. ఈ రోజు ప్రపంచం మొత్తానికి "ఇది చైనా గొంతు" అనిపించే వాయిద్యం పేరులోనే "ఇది మనది కాదు, బయటి నుంచి వచ్చింది" అని రాసి ఉంది. మనకి ఇది కొత్తేమీ కాదు. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. ఇప్పుడు కర్ణాటక సంగీతం కచేరీలో పక్కన వయొలిన్ లేకపోతే ఏదో వెలితిగా ఉంటుంది. పేరు మారలేదు, ఇల్లు మారింది.

ఎర్‌హుకి తాత లాంటి వాయిద్యం ఒకటుంది. దాని పేరు షీచిన్. షీ అనేది చైనాకి ఈశాన్యాన ఉండే ఒక జాతి పేరు. దాని గురించి సాంగ్ రాజవంశం కాలంలో, అంటే సుమారు 900 ఏళ్ల కిందట, చెన్ యాంగ్ అనే పండితుడు తన సంగీత గ్రంథంలో రాశాడు. అందులో ఒక ఇంట్రెస్టింగ్ విషయం ఉంది. దాన్ని వాయించడానికి గుర్రపు వెంట్రుకల కమాను వాడేవాళ్లు కాదట. రెండు తీగల మధ్యలో ఒక వెదురు బద్ద పెట్టి రాసేవాళ్లట. ఆ వెదురు బద్ద పోయి, దాని చోటులోకి గుర్రం తోక వెంట్రుకలు వచ్చాయి. 11వ శతాబ్దంలో షెన్ కువో అనే పండితుడు "గుర్రపు తోక హుచిన్" అని ప్రస్తావించాడు కాబట్టి అప్పటికే ఈ మార్పు జరిగిందని తెలుస్తోంది. కానీ ఒక్క విషయం మాత్రం మారలేదు. రాసే వస్తువు రెండు తీగల మధ్యలోనే ఉండిపోయింది. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

షీచిన్ కొరియాకి కూడా వెళ్లింది. అక్కడ హేగుమ్ అయింది. దానికీ రెండే తీగలు. వియత్నాంలో డాన్ ని, థాయిలాండ్‌లో సా డువాంగ్, సా ఊ. అన్నీ దగ్గరి చుట్టాలే. చైనాలోనే చూస్తే పెకింగ్ ఒపేరాలో గీరగా వినిపించే జింగ్‌హు ఉంది, ఎక్కువ శ్రుతిలో గావ్‌హు ఉంది, తక్కువ శ్రుతిలో జోంగ్‌హు ఉంది. పెద్ద ఉమ్మడి కుటుంబం అన్నమాట. ఎర్‌హు అందులో బాగా పేరు తెచ్చుకున్న పిల్లాడు.

హార్డ్‌వేర్ విప్పి చూద్దాం

నేను బీటెక్ చదివి, కొన్నేళ్లు కోడ్ రాసి, తర్వాత ఇలా కెమెరా ముందుకి వచ్చినవాణ్ని. కాబట్టి ఏ వస్తువు చూసినా విప్పి లోపల ఏముందో చూడాలనిపిస్తుంది. ఎర్‌హుని విప్పితే మహా అయితే ఓ పది భాగాలు. అంతే.

కింద ఒక చిన్న డబ్బా. చెక్కతో చేసింది. ఎక్కువగా ఆరు పలకలుగా ఉంటుంది, ఎనిమిది పలకలవి, గుండ్రటివి కూడా ఉన్నాయి. చేతిలో పట్టేంత సైజు. ఆ డబ్బా ముందువైపు కొండచిలువ చర్మం బిగిస్తారు. అవును, నిజంగా కొండచిలువే. దాని గురించి తర్వాత మాట్లాడదాం. వెనకవైపు చెక్కతో జాలీలాగా చెక్కి ఉంటుంది, శబ్దం బయటికి రావడానికి.

డబ్బాలోంచి పైకి ఒక పొడవాటి కర్ర. పైన రెండు మరలు. వాటికి రెండు తీగలు చుట్టి, కిందకి తెచ్చి కట్టేస్తారు. చర్మం మీద ఒక బుల్లి చెక్క ముక్క ఉంటుంది, దాన్ని గుర్రం అంటారు. నేను సరదాకి అనట్లేదు. చైనీస్‌లో ఆ ముక్క పేరు "మా", అంటే గుర్రమే. మన వీణ మీద కూడా తీగలు ఆనే చోటుని గుర్రం అనే అంటారు కదా! రెండు దేశాలవాళ్లకీ తీగలు మోసేది గుర్రంలాగే కనిపించింది.

కర్ర మీద సగానికి పైన ఒక దారం ముడి ఉంటుంది. తీగల్ని కర్ర వైపు కొంచెం లాగి పట్టుకుంటుంది. దాని పేరు చియెన్‌జిన్. చూడ్డానికి ఎవరో టెంపరరీగా కట్టినట్టు ఉంటుంది. కానీ తీగ మోగే పొడవు ఎంత అనేది డిసైడ్ చేసేది ఆ ముడే. దాన్ని కాస్త కిందికి జరిపితే శ్రుతి మారిపోతుంది.

గుర్రం కింద, తీగలకీ చర్మానికీ మధ్యలో ఒక చిన్న స్పాంజ్ ముక్కో, ఫెల్ట్ ముక్కో దూరుస్తారు. ఎందుకంటే అది లేకపోతే కొన్ని స్వరాల దగ్గర వాయిద్యం గరగరమని అరుస్తుంది. ఫోన్ మాట్లాడేటప్పుడు నాయిస్ తగ్గించే ఫీచర్ ఉంటుంది కదా, దానికి స్పాంజ్ వెర్షన్ అనుకోండి.

ఇక రెండు తీగలు. ఇప్పుడు ఎక్కువగా స్టీలువి. 1950ల ముందు పట్టువి వాడేవాళ్లు. వాయించేవాళ్ల శరీరానికి దగ్గరగా ఉండేది లోపలి తీగ, దూరంగా ఉండేది బయటి తీగ. మామూలుగా బయటి తీగని 440 హెర్ట్జ్‌కి, లోపలి తీగని సుమారు 293 హెర్ట్జ్‌కి శ్రుతి చేస్తారు. కాలిక్యులేటర్ తీయండి. 440ని 293తో భాగిస్తే దాదాపు ఒకటిన్నర. అంటే మూడుకి రెండు నిష్పత్తి. సంగీతం నేర్చుకున్నవాళ్లు ఈపాటికి నవ్వుతూ ఉంటారు. అది సా, పా. లోపలి తీగ షడ్జమం అనుకుంటే బయటి తీగ పంచమం. ప్రపంచంలో ఏ మూలకి వెళ్లినా చెవికి హాయిగా అనిపించే జంట అదే.

బయటికి రాని కమాను

ఇప్పుడు ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్. వయొలిన్ వాయించేవాళ్లు వాయించడం అయిపోగానే కమాను తీసి పక్కన పెడతారు. ఎర్‌హులో అది కుదరదు. కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్యలోంచి వెళ్తాయి. తీగ విప్పితే తప్ప కమాను బయటికి రాదు. పెట్టెలో పెట్టినా రెండూ కలిసే ఉంటాయి.

దాని వల్ల ఏమవుతుంది? వెంట్రుకల ఒకవైపు బయటి తీగకి తగులుతుంది, రెండోవైపు లోపలి తీగకి తగులుతుంది. బయటి తీగ మోగాలంటే కమానుని శరీరానికి అవతలి వైపు నెట్టాలి. లోపలి తీగ మోగాలంటే మధ్య వేలు, ఉంగరపు వేలుతో వెంట్రుకల్ని తన వైపు లాక్కోవాలి. అసలు ఆ వెంట్రుకలు వయొలిన్ కమానులాగా బిగించి ఉండవు, కాస్త వదులుగా ఉంటాయి. ఎంత బిగువు ఉండాలో ప్రతి క్షణం కుడిచేతి వేళ్లే చూసుకోవాలి. అంటే కుడి చెయ్యి ఒకేసారి మూడు పనులు చేస్తోంది. కమాను లాగడం, తీగ మార్చడం, బిగువు చూసుకోవడం.

ఎడమ చెయ్యి సంగతి ఇంకా కష్టం. గిటారుకి మెట్లు ఉంటాయి. వీణకి మెట్లు ఉంటాయి. వయొలిన్‌కి మెట్లు లేకపోయినా, వేలు నొక్కితే తీగ ఆనడానికి కింద ఒక చెక్క ఉంటుంది. ఎర్‌హుకి అది కూడా లేదు. కర్రకీ తీగకీ మధ్య ఖాళీ. వేలు తీగని గాల్లోనే నొక్కుతుంది. కర్రకి తగలదు.

కోడింగ్ భాషలో చెప్పాలంటే, గిటారు "స్నాప్ టు గ్రిడ్" ఆన్ చేసిన డిజైన్ యాప్ లాంటిది. మీరు కాస్త అటూ ఇటూ నొక్కినా మెట్టు సరిచేసేస్తుంది. ఎర్‌హులో గ్రిడ్ లేదు. వేలు ఒక మిల్లీమీటరు జరిగితే స్వరం జరుగుతుంది. అంతే కాదు, అదే చోట కొంచెం గట్టిగా నొక్కినా తీగ బిగుసుకుని స్వరం పైకి పోతుంది. చోటు కరెక్టుగా ఉండి ఒత్తిడి తప్పినా అపస్వరమే. అందుకే మొదట్లో నేర్చుకునేవాళ్ల ఎర్‌హు పక్కింటివాళ్లకి పరీక్ష.

కానీ ఇక్కడే మొత్తం మ్యాజిక్ ఉంది. మెట్లు లేవు కాబట్టి రెండు స్వరాల మధ్య ఉన్న దారి మొత్తం వాయించేవాళ్ల చేతిలో ఉంటుంది. సా నుంచి రీకి గెంతక్కర్లేదు, జారుకుంటూ వెళ్లొచ్చు. మధ్యలో ఆగి వణకొచ్చు. మన సంగీతంలో గమకం అంటామే, అదే ప్రపంచం. మనిషి గొంతు కూడా స్వరాల మధ్య ఇలాగే జారుతుంది, మాట్లాడేటప్పుడు, పాడేటప్పుడు, ఏడ్చేటప్పుడు కూడా. చెక్క పలక బదులు చర్మం మోగడం వల్ల ఆ ముక్కు గొంతు లాంటి రంగు వస్తుంది. అందుకే మా ఫ్రెండ్‌కి హమ్మింగ్‌లా వినిపించింది, అమ్మకి ముక్కుతో పాడినట్టు వినిపించింది. ఇద్దరూ కొంచెం కరెక్టే అన్నది అందుకే.

అయితే ఎర్‌హు ఏడవడానికే పుట్టిందా? కాదు. హువాంగ్ హాయ్‌హువాయ్ అనే ఆయన స్వరపరిచిన "సాయ్ మా" అనే పీస్ వినండి. పేరుకి అర్థం గుర్రపు పందెం. అదే రెండు తీగలు, అదే కమాను, గుర్రాలు దౌడు తీస్తున్నట్టే ఉంటుంది. మధ్యలో కమాను ఆపేసి వేలితో తీగ మీటుతారు కూడా. ఎర్‌హు అంటే విషాదం మాత్రమే అనుకోవడం మన రీల్స్ చేసిన అన్యాయం.

కొండచిలువ మాట

ఇందాక వాయిదా వేసిన విషయం. కామెంట్లలో ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు, కాబట్టి నేనే చెప్తాను. అవును, సంప్రదాయ ఎర్‌హు కోసం ఒక జంతువు చర్మం కావాలి. కొండచిలువలు అంతర్జాతీయ రక్షణ ఉన్న జీవులు. సైట్స్ అనే ఒప్పందం ఉంది, వెబ్‌సైట్స్ కాదండీ, అంతరించిపోయే జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం. భారత్ కూడా అందులో ఉంది. 2005 నుంచి చైనాలో ఎర్‌హు అమ్మాలంటే, ఆ చర్మం పెంపకం కేంద్రంలోని కొండచిలువదే అని ప్రభుత్వ సర్టిఫికెట్ ఉండాలి.

కాబట్టి ఒక ప్రాక్టికల్ సలహా. ఈ వీడియో చూసి ఊపులో ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేయకండి. పేపర్లు లేని పాము చర్మం వాయిద్యం సరిహద్దు దాటితే కస్టమ్స్ దగ్గర చిక్కుకుంటారు. దీనికి ఇంకో దారి కూడా ఉంది. హాంకాంగ్ చైనీస్ ఆర్కెస్ట్రా వాళ్లు చర్మం బదులు పాలియెస్టర్ పొర వాడి ఎకో హుచిన్ అని తయారుచేశారు. పెట్ అంటామే, నీళ్ల బాటిల్ ప్లాస్టిక్ జాతిది. వాళ్ల కచేరీల్లో అవే వాయిస్తున్నారు. ఇంకో లాభం ఏంటంటే, పాము చర్మం గాల్లో తేమ మారితే సాగుతుంది, బిగుసుకుంటుంది, శబ్దం మారిపోతుంది. ప్లాస్టిక్ పొరకి ఆ బెడద తక్కువ. "చర్మం ఇచ్చే శబ్దం వేరు" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ వాదన ఇంకా నడుస్తోంది. నా మటుకు నాకు, నేర్చుకోవడం మొదలుపెట్టేవాళ్లకి పాము అవసరం లేదు అనిపిస్తుంది.

బిచ్చగాళ్ల వాయిద్యం యూనివర్సిటీకి ఎలా వెళ్లింది

వంద, నూటయాభై ఏళ్ల కిందట ఎర్‌హుకి ఈ గౌరవం లేదు. పాటల వెనక, నాటకాల వెనక, టీ కొట్లలో, పెళ్లిళ్లలో, చావుల్లో వాయించేది. వీధుల్లో అడుక్కునేవాళ్ల చేతిలో కనిపించేది. చదువుకున్న పెద్దమనుషుల వాయిద్యం వేరు, అది గుచిన్. ఎర్‌హుని సీరియస్‌గా తీసుకున్నవాళ్లు తక్కువ.

దాన్ని మార్చింది ల్యూ త్యెన్‌హువా. 1895లో జ్యాంగ్సు రాష్ట్రంలోని జ్యాంగ్‌యిన్‌లో పుట్టాడు. 1922లో పెకింగ్ యూనివర్సిటీలో సంగీతం చెప్పడానికి వెళ్లాడు. ఆ కాలంలో చైనాలో "పాతదంతా చెత్త, పడమర నుంచి వచ్చిందే గొప్ప" అనేవాళ్లు ఒకవైపు, "బయటిది ఏదీ ముట్టుకోవద్దు" అనేవాళ్లు ఇంకోవైపు. ఆయన రెండూ వినలేదు. వయొలిన్ నేర్చుకున్నాడు. అందులోని చేతి కదలికలు, ప్రాక్టీస్ పద్ధతి ఎర్‌హుకి తెచ్చాడు. ఎర్‌హు ఒక్కదానికే, వెనక ఎవరూ లేకుండా వాయించడానికి 10 పీసులు రాశాడు. నేర్చుకునేవాళ్ల కోసం 47 అభ్యాసాలు రాశాడు. ఈ 47 అభ్యాసాలే ముఖ్యం. ఎందుకంటే డాక్యుమెంటేషన్ లేని సిస్టమ్ దాన్ని తెలిసినవాడితోనే పోతుంది. ఆయన మాన్యువల్ రాశాడు. దాంతో ఎర్‌హు క్లాస్‌రూములోకి వెళ్లింది.

1932లో, బీజింగ్‌లోని త్యెన్‌చ్యావ్ అనే చోట వీధి కళాకారుల డప్పుల సంగీతం సేకరిస్తూ ఉండగా ఆయనకి స్కార్లెట్ ఫీవర్ సోకింది. చనిపోయాడు. వయసు 37. నాకంటే ఒక పదేళ్లు పెద్ద, అంతే.

ఆబింగ్

ఇప్పుడు నేను చెప్తానన్న మనిషి. అసలు పేరు హువా యెన్‌జున్. అందరూ పిలిచేది ఆబింగ్ అని. 1893లో అదే జ్యాంగ్సు రాష్ట్రంలో వూషీ ఊళ్లో పుట్టాడు. తండ్రి దావో మతం గుడిలో పూజారి. ఆ గుళ్లో సంగీతం కూడా పూజలో భాగమే. చిన్నప్పుడే డప్పు, వేణువు, ఎర్‌హు, పిపా అన్నీ తండ్రి దగ్గరే నేర్చుకున్నాడు.

తండ్రి పోయాక గుడి బాధ్యత వచ్చింది. కానీ నల్లమందు అలవాటైంది, డబ్బు పోయింది, ఆరోగ్యం పోయింది. ముప్పైల్లో ఉండగానే రెండు కళ్లూ పోయాయి. గుడిలోంచి వీధిలోకి వచ్చేశాడు. అక్కడి నుంచి వూషీ వీధులే ఆయన స్టేజి. ఆ రోజు ఊళ్లో జరిగిన సంగతుల్ని పాటలుగా కట్టి పాడేవాడు. అంటే ఆ కాలం న్యూస్ ఛానెల్. రాత్రిపూట ఎర్‌హు వాయించుకుంటూ నడుచుకుంటూ ఇంటికి వెళ్లేవాడు.

1950. యాంగ్ యిన్‌ల్యూ అనే సంగీత పరిశోధకుడు, ఆయనదీ వూషీయే, కుర్రాడిగా ఉన్నప్పుడు ఆబింగ్ దగ్గర కొంత నేర్చుకున్నాడు కూడా. ఆయన, ఛావ్ ఆన్‌హ అనే మరో పరిశోధకురాలు కలిసి ఒక వైర్ రికార్డర్ పట్టుకుని వూషీ వచ్చారు. టేపు కాదండీ, సన్నటి స్టీలు తీగ మీద శబ్దం రికార్డ్ చేసే మెషిన్. ఆబింగ్ దగ్గరికి వెళ్లి వాయించమని అడిగారు. ఆయన చాలాకాలంగా వాయించడమే మానేశాడు. చేతిలో సరైన వాయిద్యం కూడా లేదు. అరువు తెచ్చి ఇచ్చారు. కొద్దిరోజులు చెయ్యి సవరించుకున్నాడు. ఆ తర్వాత రికార్డింగ్.

మూడు ఎర్‌హు పీసులు, మూడు పిపా పీసులు. మొత్తం 6.

మళ్లీ వచ్చి ఇంకా రికార్డ్ చేద్దామని వాళ్లు అనుకున్నారు. అది సెప్టెంబర్. డిసెంబర్ 4న ఆబింగ్ చనిపోయాడు.

అంతే. జీవితాంతం వాయించిన మనిషి దగ్గర్నుంచి ప్రపంచానికి మిగిలింది ఆ 6. మిగతావన్నీ ఆయన వేళ్లతోనే వెళ్లిపోయాయి.

ఆ ఆరింటిలో ఒక పీస్‌కి అప్పటికి పేరు కూడా లేదు. రికార్డింగ్ సమయంలోనే పేరు పెట్టారు. "అర్‌చువాన్ యింగ్‌యువె". రెండో ఊటలో చంద్రుడి నీడ అని అర్థం చెప్పుకోవచ్చు. వూషీలో హుయ్‌షాన్ కొండ దగ్గర ఒక నీటి ఊట ఉంది. టీ పెట్టుకోవడానికి దేశంలో రెండో మంచి నీరు అదేనని, 8వ శతాబ్దంలో టీ మీద పుస్తకం రాసిన లూ యూ ర్యాంక్ ఇచ్చాడని చెప్పుకుంటారు. అదే రెండో ఊట. చూపు లేని మనిషి పాటకి నీళ్లలో చంద్రుడి పేరు.

ఈ రోజు ఎర్‌హు నేర్చుకున్న ప్రతివాళ్లూ ఆ పీస్ దగ్గరికి వచ్చి తీరాల్సిందే. ఆబింగ్ శ్రుతి మామూలు ఎర్‌హు కంటే కింద ఉండేది, తీగలు లావుగా ఉండేవి. అందుకని ఆ ఒక్క పీస్ కోసం ప్రత్యేకంగా తక్కువ శ్రుతి ఎర్‌హు తయారుచేస్తున్నారు. 1978లో జపాన్ కండక్టర్ సెయిజి ఒజావా బీజింగ్ వెళ్లినప్పుడు, జ్యాంగ్ జ్యెన్‌హువా అనే టీనేజ్ అమ్మాయి ఆయన ముందు ఈ పీస్ వాయించింది. ప్రపంచంలోని పెద్ద పెద్ద ఆర్కెస్ట్రాలు నడిపించిన ఆ మనిషి వింటూ ఏడ్చేశాడు.

ఒరిజినల్ రికార్డింగ్ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. క్వాలిటీ బాగుండదు. గరగర ఉంటుంది. తర్వాతివాళ్లు వాయించినవి ఇంకా శుభ్రంగా, ఇంకా అందంగా ఉంటాయి. కానీ ఒకసారి ఆ గరగరలోంచే వినండి. ఆయన ఎక్కడా జాలి అడగడు. కమాను గట్టిగా పట్టుకుని నడుస్తున్నట్టు ఉంటుంది. మనం "విషాద సంగీతం" అని లేబుల్ వేసిన దాంట్లో ఎంత మొండితనం ఉందో అప్పుడు తెలుస్తుంది.

నా సొంత విషయం

మా తాతయ్య, అంటే అమ్మవాళ్ల నాన్న, హార్మోనియం వాయించేవాడు. పద్యనాటకాలకి. ఊరూరా తిరిగి రాత్రంతా వాయించి, తెల్లవారి పొలానికి వెళ్లేవాడట. నాకు ఊహ తెలిసేసరికి నాటకాలు తగ్గిపోయాయి. సెలవులకి వెళ్తే అరుగు మీద కూర్చుని సాయంత్రం పూట వాయించేవాడు. నాకది ఎప్పుడూ ఉండే శబ్దం. ఫ్యాన్ శబ్దంలాగా. వినేవాణ్ని కాదు.

నాలుగేళ్ల కిందట ఆయన పోయాడు. నా ఫోన్‌లో 128 జీబీ ఉంది. అందులో నేను తిన్న బిర్యానీల ఫోటోలు వందల్లో ఉన్నాయి. తాతయ్య హార్మోనియం ఉన్న వీడియో వెతికితే ఒకటి దొరికింది. 41 సెకన్లు. అది కూడా ఆయన కోసం తీసింది కాదు, అరుగు మీద పిల్లి కోసం తీసింది. వెనక హార్మోనియం వినిపిస్తోంది. 33వ సెకన్ దగ్గర నా గొంతు వస్తుంది. "తాతయ్యా, ఒక్క నిమిషం ఆపవా, కాల్ వస్తోంది." ఆయన ఆపేస్తాడు. వీడియో అయిపోతుంది.

ఆ పద్యం ఏ నాటకంలోదో అమ్మకీ తెలియదు, మామయ్యకీ తెలియదు. ఆయన బెల్లోస్ నొక్కే తీరు ఇంకెవరికీ రాదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఆఫీసులో ప్రతి శుక్రవారం బ్యాకప్ చెక్ చేయడం నా డ్యూటీ. ఇంట్లో ఒక్కసారి కూడా చేయలేదు.

యాంగ్ యిన్‌ల్యూ ఒక బరువైన మెషిన్ మోసుకుని వెళ్లాడు. దాంతో 6 దక్కాయి. ఆయన మూడు నెలలు ఆలస్యం చేసి ఉంటే సున్నా. రెండేళ్లు ముందు వెళ్లి ఉంటే ఎన్ని ఉండేవో. మన జేబులో ఉన్నది దానికంటే ఎన్నో రెట్లు మంచి రికార్డర్.

కాబట్టి ఈ ఎపిసోడ్‌కి హోంవర్క్ ఒకటే. మీ ఇంట్లో నానమ్మో, అమ్మమ్మో, తాతయ్యో, పక్కింటి పెద్దాయనో ఏదో ఒకటి పాడతారు, వాయిస్తారు, చెప్తారు. జోలపాట కావచ్చు, నాట్లప్పుడు పాడే పాట కావచ్చు, భజన కావచ్చు. ఈ ఆదివారం ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, కాల్ రాకుండా. నాకు జరిగింది మీకు జరగకూడదు. ఫ్యాన్ ఆపండి. ఫోన్ ఏదైనా బట్ట మీద పెట్టండి, బల్ల మీద పెడితే చప్పుళ్లు వస్తాయి. మొదట్లో వాళ్ల పేరు, ఊరు, అది ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్ల నోటితోనే చెప్పించండి. తర్వాత పాడమని వదిలేయండి. మధ్యలో మాట్లాడకండి. అయిపోయాక ఒక కాపీ డ్రైవ్‌లో, ఒక కాపీ ఇంకొకరి ఫోన్‌లో. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే ముందు వాళ్లని అడగండి. వద్దంటే పెట్టకండి, ఇంట్లో ఉంటే చాలు.

పేరు లేని పాటైనా పర్లేదు. ఆబింగ్ పాటకి కూడా అప్పటికి పేరు లేదు.

వెళ్లేముందు, ఆ 1950 రికార్డింగ్ ఒకసారి వెతుక్కుని వినండి. 5, 6 నిమిషాలు ఉంటుంది. మధ్యలో ఆపకండి. నచ్చితే కామెంట్లలో మీకేం వినిపించిందో రాయండి, నేను అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో వాయిద్యం విప్పి చూద్దాం. అప్పటిదాకా ఉంటానండీ, నమస్తే.